మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎల్కేజీ, యూకేజీ పిల్లలతో తరగతిలో ఏం చేయిస్తున్నారు?

కాలువగట్టు_టీచర్
ఫిబ్రవరి 26, ఉదయం 6:10

అందరికీ నమస్కారమండి. మామిడి పూత రాలి పిందె కట్టే వేళకి చిన్న తరగతుల్లో ఒక తొందర మొదలవుతుంది. ఏడాది అయిపోవస్తోంది, గుణింతాలు పూర్తవలేదు, వంద దాకా అంకెలు రాలేదు అని పిల్లల్ని పలకల మీదకి వంచేస్తాం. కిటికీ అవతల కోయిల కూస్తుంటుంది, వేప చిగురిస్తుంటుంది, దాళ్వా, అంటే రెండో పంట వరి, చేలు పొట్ట మీద ఉంటాయి. పిల్లలకి చూపించడానికి ఇంత సరుకు ఏడాదిలో ఇంకెప్పుడూ దొరకదు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు పెట్టాక చేతిలో మిగిలేది పొద్దుటి పూటే, అందులోనూ పిల్లలు చురుగ్గా ఉండేది మొదటి రెండు గంటలు.

ఈ ఆరేడు వారాల్లో నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకి ఏం నేర్పుతున్నారో రాయండి. ఏ వస్తువుతో, ఎన్ని రోజులు, ఎక్కడ చెడుతుంది, ఎందుకు చెడుతుంది. గ్లాసులు, గింజలు, నిమిషాలతో సహా కావాలి.

విత్తనాల_మాస్టారు
ఫిబ్రవరి 26, ఉదయం 7:35

టీచర్ గారూ, మొదట పెసలు. తరగతిలో వారంలోపు మొదటి నుంచి చివరి దాకా కనిపించే పాఠం ఇంకోటి లేదు.

ఆదివారం రాత్రి మీరే నానబెట్టండి, 8 గంటలు చాలు. 24 గంటలు నానితే గింజ పులిసిపోతుంది. సోమవారం పొద్దున పిల్లలు వేస్తారు. శుక్రవారం మొదలెడితే సరిగ్గా మొలక వచ్చే రోజు బడి ఉండదు, నీళ్లు పోసేవాళ్లుండరు, సోమవారానికి ఎండిపోయి ఉంటాయి. ఎక్కువమంది చేసే తప్పు ఇదే.

అవతలి వైపు కనిపించే గ్లాసులు నాలుగు. అడుగున మేకుతో రెండు చిల్లులు, లోపల సగం దాకా కొబ్బరి పొట్టు. మన దగ్గర పొట్టుకి కరువు లేదు గాని, పీచు ఆడిన చోటి నుంచి తెచ్చిన పచ్చి పొట్టు అలాగే వాడకండి. ఒక రాత్రి నానబెట్టి, ఎర్రనీళ్లు తేరే దాకా రెండు మూడుసార్లు కడిగి పిండాలి. లేకపోతే అందులోని ఉప్పూ వగరూ వేరుని చంపేస్తాయి. గ్లాసుకి 10 గింజలు, గ్లాసు అంచు పక్కనే వేయించండి. మధ్యలో వేస్తే వేరు కనపడదు.

మొదటి గ్లాసుకి నీళ్లు, వెలుతురు. రెండో దానికి నీళ్లు లేవు, గింజలు కూడా నానబెట్టనివి. మూడోది నీళ్లు పోసి బీరువాలో. నాలుగోదానికి చిల్లులు పెట్టకుండా నిండా నీళ్లు. రోజుకి రెండు చెంచాలు మించి నీళ్లు వద్దు. పిల్లలు ప్రేమతో పోసి పోసి కుళ్లబెడతారు, అందుకని సీసా మూతకి సూదితో చిల్లు పెట్టి ఇవ్వండి.

మంగళవారానికి తెల్లని ముక్కు, గురు, శుక్రవారాలకి బద్దలు తలెత్తుతాయి. నిండా నీళ్లున్న గ్లాసు వాసన వస్తుంది. గాలి అందక కుళ్లిందని వాళ్ల ముక్కుతో వాళ్లకే తెలుస్తుంది.

పలక_బలపం
ఫిబ్రవరి 26, ఉదయం 8:02

మాస్టారూ, బీరువా గ్లాసు గురించి ఒక మాట. చీకట్లో పెట్టిన మొక్కే అన్నిటికంటే పొడుగ్గా వస్తుంది. పిల్లలు "చీకట్లో బాగా పెరిగింది టీచర్" అంటారు. వాళ్లు చెప్పింది కంటికి నిజమే. అక్కడ "కాదు, తప్పు" అనకూడదు. రెండూ పక్కపక్కన పెట్టి కాడ ఏ రంగో, ఆకు ఎంతుందో, ఎవరు నిలబడ్డారో, ఎవరు పడిపోయారో అడగాలి. తెల్లగా, సన్నగా, పసుపు ఆకుతో వాలిపోయి ఉంటుంది. వెలుతురు కోసం మెడ చాచింది అని వాళ్లే అంటారు, కాస్త ఆగితే. తర్వాత దాన్నే కిటికీలో పెడితే రెండు రోజుల్లో ఆకు పచ్చబడుతుంది. దాన్ని పారేయకండి.

పొడవు కొలవడానికి స్కేలు వద్దు. మొక్క పక్కన కాగితపు పట్టీ నిలబెట్టి దాని ఎత్తుకి కత్తిరించి, గోడ మీద రోజుకొక పట్టీ కింద అంచు కలిపి వరసగా అంటించండి. మొలక తలెత్తిన రోజు పట్టీ గోరంత, వారం తిరిగేసరికి జానెడు. ఏ రోజు ఎక్కువ పెరిగిందో అంకెలు రాని పిల్ల కూడా వేలు పెట్టి చూపిస్తుంది. కింద అంచు కలపకపోతే ఈ పాఠం మొత్తం పోయినట్టే.

లంకగ్రామం_అంగన్వాడీ
ఫిబ్రవరి 26, మధ్యాహ్నం 1:20

పెసలతో పాటు వరి కూడా చూపించొచ్చు కదండీ? మార్చి చివర్నించి కోతలే. చేలో నుంచి నాలుగు వెన్నులు తెచ్చి మండె కట్టినట్టు, అంటే మొలకకి మూటగట్టినట్టు, గుడ్డలో కడితే పిల్లలకి ఊరి పని కళ్లకి కడుతుంది.

విత్తనాల_మాస్టారు
ఫిబ్రవరి 26, మధ్యాహ్నం 2:05

ఆలోచన మంచిదే, అప్పుడే కోసిన ధాన్యంతో మాత్రం వద్దండి. చాలా వరి రకాలకి కోసిన తర్వాత రెండు మూడు వారాలు నిద్ర ఉంటుంది. మారుటేరు వరి పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎంటీయూ 7029 రకం, మన స్వర్ణ, ఇందులో పేరుపడ్డది. పిల్లలు రోజూ గుడ్డ విప్పి చూస్తారు, ఏమీ రాదు, ఎందుకు రాలేదో వాళ్ల వయసుకి చెప్పలేం. సార్వా (మొదటి) పంటలో దాచిన విత్తనం దోసెడు అడిగి తెచ్చుకోండి. 24 గంటలు నీళ్లలో, తర్వాత గోనెసంచి ముక్కలో మూటగట్టి మరో 24 గంటలు. మూట మీద చెయ్యి పెట్టించండి, లోపల వెచ్చగా ఉంటుంది. పిల్లలు ఆ వెచ్చదనం దగ్గరే ఆగిపోతారు, ఆగనివ్వండి.

పురుగు మందు పట్టించిన విత్తనం గులాబీ రంగులోనో నీలం రంగులోనో ఉంటుంది. అది పిల్లల దరిదాపుల్లోకి రాకూడదు. పెసలు కూడా కిరాణా కొట్లో తిండికి కొన్నవే వాడండి.

ఇంకొకటి. ఒక గ్లాసులో పెసలు, పక్క గ్లాసులో శనగలు వేస్తే పెసర బద్దలు నేల మీదకి లేస్తాయి, శనగ బద్దలు అడుగునే ఉండిపోతాయి. యూకేజీ పిల్లలు ఈ తేడా మీరు చెప్పకుండానే పట్టుకుంటారు. మూలన మొలక వచ్చిన కొబ్బరికాయ ఒకటి పెట్టండి. దాని మొలకకి నెలలు పడుతుంది, పెసరకి ఒక్క రోజు. అందరూ ఒకేసారి మొలవరు.

యూకేజీ_అమ్మ
ఫిబ్రవరి 26, రాత్రి 9:14

నేను టీచర్ని కాదండి, తల్లిని. మొక్కలు, గ్లాసులు బాగానే ఉన్నాయి. కాని జూన్‌లో ఒకటో తరగతికి వెళ్తే గుణింతాలు రాయమంటారు. మా వాడలో వేరే బడి పిల్లలు వంద దాకా రాసేస్తున్నారు. మొక్కలు కొలుచుకుంటూ కూర్చుంటే వెనకబడరా?

ముగ్గుపిండి
ఫిబ్రవరి 26, రాత్రి 10:03

అమ్మా, మీ భయం న్యాయమైనదే, చాలామంది తల్లులు పైకి అనరు గాని వాళ్లకీ ఉంది. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా, అంటే పూర్వ ప్రాథమికం మూడేళ్లు, ఒకటీ రెండూ తరగతులు, అన్నిటినీ కలిపి ఒకే మెట్టుగా పెట్టింది. గుణింతం యూకేజీలోనే ముగించాలన్న గడువు అందులో లేదు.

ఇక చెయ్యి సంగతి. పిల్లలకి సుమారు మూడేళ్లకి గుండ్రం వస్తుంది, నాలుగుకి కూడిక గుర్తులాంటి అడ్డం నిలువు, అయిదుకి అటూ ఇటూగా చదరం, ఆ తర్వాత ముక్కోణం. చదరం మూలలు తిప్పలేని చేతికి "ఖ" ఇస్తే అది అక్షరాన్ని రాయదు, బొమ్మలాగా గీస్తుంది. ఒక్కోసారి ఒక్కోచోట మొదలెడుతుంది. ఆ అలవాటు మాన్పించడానికి రెండో తరగతి దాకా పడుతుంది.

తెలుగు అక్షరాలన్నీ వంపులే, గీతలు తక్కువ. కాబట్టి వంపులు తిప్పించాలి. దానికి మనకి ముగ్గు ఉంది. నేల మీద మూడు వరసలు, వరసకి మూడు చుక్కలు. సుద్దముక్కతో చుక్క చుట్టూ తిరిగి ఇవతలికి రావడం, తర్వాత రెండు చుక్కల మధ్య నుంచి మెలిక. మొదట వేలితో, తర్వాత తడి గుడ్డ చుట్టిన పుల్లతో, చివర్న సుద్దతో. మార్చి ఎండకి గచ్చు మీద నీళ్ల ముగ్గు రెండు నిమిషాల్లో ఆరిపోతుంది, చెరిపే పని లేదు, తప్పన్న భయమూ లేదు. నాలుగు చుక్కల వరసలకి వెళ్లే తొందర వద్దు, చిక్కుపడి ఏడుస్తారు.

సుద్ద, బలపం అంగుళం ముక్కలుగా విరిచి ఇవ్వండి. పొడుగుది ఇస్తే పిడికిట్లో పట్టుకుంటారు. అంగుళం ముక్కని పిడికిట్లో పట్టలేరు, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు వాటంతటవే కలుస్తాయి. పట్టు నేర్పడానికి ఇంతకంటే మాటలు అక్కర్లేదు.

పలక_బలపం
ఫిబ్రవరి 27, ఉదయం 6:48

బలపం మాట వచ్చింది కాబట్టి. బలపాలు, గోడ సున్నం, మట్టి అదేపనిగా తినే పిల్ల తరగతికి ఒకరైనా ఉంటారు. తిట్టి లాక్కుంటే దాచుకుని తింటారు. ఒంట్లో ఇనుము తక్కువైన పిల్లల్లో ఈ అలవాటు కనిపిస్తుంది. తల్లిదండ్రులకి చెప్పి ఆరోగ్య కేంద్రంలో రక్తం చూపించమనండి, నులిపురుగుల మాత్ర సంగతీ అడగమనండి. ఈలోగా ఆ పిల్ల చేతికి బలపం బదులు ఇసుక పళ్లెం.

ఇసుక పళ్లేనికి గోదారి ఇసుక జల్లించి, కడిగి, ఎండబెట్టింది, పళ్లెంలో అర అంగుళం మందం. ఎక్కువ పోస్తే గీత పూడిపోతుంది, తక్కువైతే వేలికి పళ్లెం తగిలి గీరుకుంటుంది. అడుగున ముదురు రంగు కాగితం పరిస్తే రాసిన గీత మెరుస్తుంది.

భీమవరం_బడి
ఫిబ్రవరి 27, ఉదయం 7:30

రాత కంటే ముందు చెవి. తెలుగులో అక్షరమంటే నోటికి ఒక దెబ్బ. చప్పట్లతో విడగొట్టించండి. మా-మి-డి మూడు. వే-ప రెండు. కొ-బ్బ-రి మూడు. ఒత్తు ఉన్నచోట పిల్లలు "కొబ్-బ-రి" అంటారు, చప్పట్లు మూడే వస్తాయి కాబట్టి దిద్దక్కర్లేదు, పలకేటప్పుడు మీరు నిదానంగా కొ-బ్బ-రి అనండి చాలు. బె-ల్లం రెండు. ఈ కాలంలో తరగతిలోకి వచ్చే మాటలన్నీ ఇలా వాయించొచ్చు, రోజుకి అయిదు నిమిషాలు, అంతకు మించితే అల్లరిలోకి దిగుతుంది.

రెండో వారం నుంచి గొలుసు. వేప అంటే చివర ప, ప తో పలక, క తో కల, ల తో లత. మామిడితో మొదలెట్టకండి, "డి" తో మాట దొరక్క ఆట ఆగిపోతుంది. గొలుసు ఆడగలిగిన పిల్లకి అక్షరం మీద సగం పని అయిపోయినట్టే. విడగొట్టలేని పిల్లకి అచ్చులన్నీ అప్పగించడం వచ్చినా చదవడం రాదు.

అక్షరం చూపించేటప్పుడు వరుస పట్టుకుని అ ఆ ఇ ఈ అనే వెళ్లాలని లేదు. "వ" ముందు, దానికి తోక తగిలిస్తే "మ". "ప" కి తలకట్టు విడిగా ఉంటుంది, "వ" కి అతుక్కుని ఉంటుంది. ఈ రెండూ ఒకే వారంలో ఇస్తే కలిపేస్తారు, మధ్యలో పది రోజులు ఉంచండి. "వు", "మ" కూడా అంతే.

కాలువగట్టు_టీచర్
ఫిబ్రవరి 27, మధ్యాహ్నం 12:50

ఎంత బాగా రాశారండి. అంకెల మాటేమిటి? యూకేజీలో పదకొండు నుంచి ఇరవై దగ్గరే అందరూ ఇరుక్కుంటున్నారు.

లంకగ్రామం_అంగన్వాడీ
ఫిబ్రవరి 27, మధ్యాహ్నం 2:40

గుడ్ల అట్టలు టీచర్ గారూ. అంగన్వాడీ కేంద్రాలకి గుడ్లు వచ్చే 30 గుంటల అట్టలో గుంటలు అయిదేసి చొప్పున ఆరు వరసలు. రెండేసి వరసలు కలిపి కత్తిరిస్తే ఒక అట్టకి పది గుంటల ముక్కలు మూడు వస్తాయి. గుడ్డు పగిలి అంటుకున్న అట్ట పక్కన పడేయండి. మిగతావి రెండు రోజులు ఎండలో పెట్టండి. కాగితపు అట్టని కడగలేం.

గుంటకి ఒక సీసా మూత. ఎడమ నుంచి, పై వరస నిండాకే కింద వరస. 7 అంటే పై వరస నిండా, కింద రెండు. కొన్ని రోజులకి లెక్కపెట్టకుండానే చూసి "ఏడు" అంటారు. తరగతిలో ఆ రోజు కోసమే ఈ ఏర్పాటంతా. 9 చూపించి "ఇంకెన్ని పడితే నిండుతుంది" అని అడగండి, ఖాళీ గుంట చూసి చెప్తారు. కూడిక అని పేరు పెట్టకుండా కూడిక వచ్చేసింది.

పదమూడుకి రెండు ముక్కలు. ఒకటి నిండా, రెండోదానిలో మూడు. ఇక్కడ మన భాష మనకి సాయం. పద-మూడు, పద్-నాలుగు, పది-హేను అంటే పది ముందు వినపడుతుంది, పలకలో రాసే వరస కూడా అదే. ఇంగ్లీషులో థర్టీన్ అంటే మూడు ముందు వినపడుతుంది కాబట్టి పిల్లలు 31 రాస్తారు. ఇంగ్లీషు మీడియం అయినా ఈ పది అంకెలూ ముందు తెలుగులో అట్టల మీద చేయించండి. పన్నెండు, పంతొమ్మిది మాత్రం చెవికి లొంగవు, ఆ రెండింటికీ అదనంగా రెండ్రోజులు. పంతొమ్మిదిలో ఒకే ఒక్క గుంట ఖాళీ, అది చూపిస్తే పట్టుకుంటారు.

చింతపిక్కలు, గవ్వలు అందంగా ఉంటాయి గాని నాలుగేళ్ల లోపు పిల్లలున్న గదిలో వద్దు. ముక్కులో పెట్టుకుంటారు. చింతపిక్క తడికి ఉబ్బి ఇంకా లోపల బిగుస్తుంది. ఎవరైనా పెట్టుకుంటే పుల్లతో, పిన్నీసుతో తీయబోకండి, ఆసుపత్రికే తీసుకెళ్లండి.

సఖినేటిపల్లి_రేవు
ఫిబ్రవరి 28, ఉదయం 6:30

కొలతలకి ధాన్యం ఇస్తున్నారు కొన్ని చోట్ల. వద్దు. ధాన్యం నూగుకి చేతులూ మెడా దురద పెడతాయి. బియ్యం గాని, ఇసుక గాని, నీళ్లు గాని. సోల, తవ్వ ఇప్పటికీ ఇళ్లలో ఉన్నాయి, తెప్పించుకోండి. రెండు సోలలైతే తవ్వ నిండుతుందని పోసి చూసుకుంటారు. తర్వాత ఒకే సోల బియ్యం పొడుగు గ్లాసులో ఒకసారి, వెడల్పు గిన్నెలో ఒకసారి. "ఎందులో ఎక్కువ?" అయిదేళ్ల పిల్లలు చాలామంది పొడుగు గ్లాసే అంటారు. దిద్దకండి, వెనక్కి సోలలోకి పోయించండి. అయినా మళ్లీ పొడుగుదే అంటారు. అది వయసుతో వచ్చే సంగతి, చెప్తే వచ్చేది కాదు. మీరు చేయాల్సిందల్లా పోయించడమే.

ఏప్రిల్ మధ్యకి డెల్టా కాలువలకి నీళ్లు కట్టేస్తారు కదా, "కాలువ ఎందుకు ఎండింది" అని పిల్లలే అడుగుతారు. ఆ వారం కాలువ ఆట పెట్టండి. ఇసుకలో కాలువ తవ్వి నీళ్లు పోస్తే ఇంకిపోతాయి, పిల్లలు నిరాశపడతారు. అరటి దొప్పలు నాలుగు తీసుకుని చివరలు ఒకదానిలో ఒకటి దూర్చండి, పై దొప్ప చివర కింది దొప్ప లోపలికి రావాలి, తిరగేస్తే కారిపోతుంది. పైకొసన ఒక ఇటుక ఎత్తు చాలు. రెండిటుకలు పెడితే నీళ్లు ఉరికి పక్కలకి పొంగుతాయి. పైన చెంబుతో పోసేవాళ్లు ఇద్దరు, మధ్యలో అట్టముక్కతో తలుపు వేసి తీసేవాళ్లు ఇద్దరు, కింద కొబ్బరి చిప్పల మళ్లలోకి నీళ్లు పట్టేవాళ్లు మిగతావాళ్లు. తలుపు వేయగానే కిందవాళ్లు అరుస్తారు. ధవళేశ్వరంలో అదే జరిగిందని అప్పుడు చెప్పండి, ఒక్క వాక్యంలో. ఏ ఏడాది ఆనకట్ట కట్టారో ఆ వయసుకి అనవసరం.

కరివేపాకు_మొక్క
ఫిబ్రవరి 28, ఉదయం 9:11

సీతాకోకచిలుక గురించి ఎవరూ రాయలేదు. బడి దొడ్లో కరివేపాకు గాని నిమ్మ గాని ఉంటే లేత ఆకుల మీద చూడండి. పిట్ట రెట్టలాగా నలుపూ తెలుపూ కలిసిన చిన్న పురుగు కనిపిస్తుంది. అది రెట్టే అనుకుని చాలామంది దాటిపోతారు. నిమ్మజాతి సీతాకోకచిలుక పిల్ల అది. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు బయటికి తీసి ఘాటైన వాసన వదులుతుంది. పిల్లలు ఒక్క ఉదుటున వెనక్కి దూకి, మరుక్షణం ముందుకు వంగుతారు.

పెద్ద సీసా, మూతకి బదులు దోమతెర ముక్క, రబ్బరు బ్యాండు. రోజూ పొద్దున తాజా రెమ్మ, కడిగితే తడి పూర్తిగా తుడిచి. తడి ఆకుకి పురుగు జబ్బు చేసి నల్లబడి చస్తుంది. బజారు కరివేపాకు పెట్టకండి, మందు కొట్టి ఉంటుంది, సాయంత్రానికి చచ్చిపోతుంది. అడుగున పేడ ఉండలు రోజూ దులపాలి. సుమారు రెండు వారాలు తిని, ఒక పుల్లకి నడుముకి దారం కట్టుకుని వేలాడుతుంది. ఆ పుల్ల ముందే నిలబెట్టి ఉంచండి. అప్పట్నుంచి కదపొద్దు. వారం, పది రోజులకి పొద్దున పూట బయటికొస్తుంది. రెక్కలు ఆరడానికి గంటకి పైన పడుతుంది, ఆ గంట ఎవరూ ముట్టుకోకూడదు. తర్వాత కిటికీ తీసేయడమే.

ఒక్కోసారి గూటిలోంచి సీతాకోక బదులు చిన్న కందిరీగలు వస్తాయి. అవి పురుగు లోపల గుడ్లు పెట్టేవి. దాచకండి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. రెండు మూడు పురుగుల్ని పెంచితే ఒకటైనా దక్కుతుంది.

తాటాకు_బుట్ట
ఫిబ్రవరి 28, ఉదయం 10:25

మా దగ్గర మునగ చెట్టు నిండా ఉన్నాయి పురుగులు, వాటిని పెట్టొచ్చా?

కరివేపాకు_మొక్క
ఫిబ్రవరి 28, ఉదయం 10:32

వద్దండి, వద్దు! మునగ మీదవి బొచ్చు గొంగళి. ఆ బొచ్చు గుచ్చుకుంటే దద్దుర్లు, కంట్లో పడితే ఇంకా ప్రమాదం. పిల్లలకి ముందే ఒక మాట నేర్పండి. బొచ్చు ఉంటే చూపుతోనే చూడాలి. ఎవరికైనా తగిలితే రుద్దకుండా అతుక్కునే టేపు అంటించి లాగండి, బొచ్చు దానితో వస్తుంది. తర్వాత సబ్బుతో కడగండి.

భీమవరం_బడి
మార్చి 1, ఉదయం 7:05

మామిడి మీద ఒక పాఠం. పూత, పిందె, కాయ, దోరకాయ, పండు అని అయిదు బొమ్మలు అట్టల మీద వేసి వరసగా పెట్టమంటారు అందరూ. పిల్లలు పెట్టేస్తారు, వచ్చిందనుకుంటాం. నిజానికి చాలామంది చిన్నది నుంచి పెద్దదానికి పెడుతున్నారంతే, కాలం క్రమం పట్టుకోలేదు. తెలుసుకోవాలంటే చిన్న పండుమామిడి, పెద్ద పచ్చికాయ బొమ్మలు ఇచ్చి ఏది ముందో అడగండి. మన కొత్తపల్లి కొబ్బరి రకం మామిడిపండుని, కలెక్టర్ రకం పచ్చికాయని పక్కపక్కన పెట్టినా చాలు. ఈ ఒక్క ప్రశ్నకి సగం తరగతి తడబడుతుంది. అప్పుడు చెట్టు దగ్గరకి తీసుకెళ్లి ఒక కొమ్మకి రంగు దారం కట్టి, వారానికి ఒకసారి అదే కొమ్మ చూపించండి. వేరే కొమ్మ చూపిస్తే ఉపయోగం లేదు. కొన్ని పిందెలు రాలిపోతాయి. ఎన్ని ఉండేవి, ఎన్ని మిగిలాయి అన్నది తీసివేతకి మంచి సందర్భం.

చెట్టు కింద ఉన్నప్పుడే ఆకులు ఏరించండి. మామిడి చిగురు రాగిరంగులో వస్తుంది, తర్వాత లేతాకుపచ్చ, తర్వాత ముదురు. ఒకే చెట్టు ఆకులు అయిదారు రంగుల్లో దొరుకుతాయి. లేత నుంచి ముదురుకి నేల మీద పేర్పించండి. ఇక్కడ "ఆకు రంగు ఏమిటి" అంటే "ఆకుపచ్చ" అని అలవాటుగా జవాబిచ్చే పిల్లలు చేతిలో ఎర్రాకు పట్టుకుని ఆగిపోతారు. ఆ ఆగడమే కావాలి మనకి.

యూకేజీ_అమ్మ
మార్చి 1, రాత్రి 8:40

మొన్న అడిగిన ప్రశ్నకి సమాధానాలు రెండుసార్లు చదివానండి. ఉగాదికి బడిలో పచ్చడి పంచుతారు కదా, పిల్లలు ఒక్క చుక్క నాలిక్కి తగిలించుకుని ఉమ్మేస్తారు. దాన్ని పాఠంగా ఎలా చేస్తారు?

ముగ్గుపిండి
మార్చి 1, రాత్రి 9:30

కలపక ముందు చేయాలమ్మా. ముందురోజు ఆరు చిన్న గిన్నెలు. బెల్లం, కొత్త చింతపండు నానబెట్టిన నీళ్లు, ఉప్పు, మిరియాల పొడి, వేపపువ్వు, వగరుకి లేత మామిడి పిందె ముక్క. కారానికి పచ్చిమిరప వద్దు, పిల్లలు ఆ చేత్తోనే కళ్లు నలుపుకుంటారు. కాయ కోసేముందు తొడిమ తుంచి తలకిందులుగా అయిదు నిమిషాలు పెట్టి సొన కార్చేసి కడగండి. సొన పెదవులకి తగిలితే పుండు పడుతుంది.

వేపపువ్వు రాత్రి చెట్టు కింద దుప్పటి పరిస్తే తెల్లారేసరికి రాలి ఉంటుంది. రోడ్డు పక్క చెట్టువి వద్దు, దుమ్ము. ఒక్కొక్కరికి ఒక పువ్వు చాలు, కాడ తీసేసి.

చూసిన ప్రతిదానికీ మాట చెప్పించాలి. తీపి, పులుపు, ఉప్పు త్వరగా వస్తాయి. చేదుని "బాలేదు" అంటారు, కారాన్ని "మంట" అంటారు. వగరుకి మాటే ఉండదు వాళ్ల దగ్గర. "నాలిక గరుకుగా అయిందా, నోరు పట్టేసిందా" అని అడిగి, "దాన్నే వగరంటారు" అని ఇవ్వండి. అప్పుడిచ్చిన మాట పోదు. ఉమ్మే పిల్లని ఉమ్మనివ్వండి, గిన్నె దగ్గర పెట్టండి. బలవంతం చేస్తే మర్నాడు నోరే తెరవరు.

మర్నాడు ఇరవైమందికి పచ్చడి. 100 గ్రాముల బెల్లం, నిమ్మకాయంత చింతపండు, చిన్న మామిడికాయ ఒకటి, చెంచాడు వేపపువ్వు, చిటికెడు ఉప్పు, చిటికెడు మిరియాలు, గ్లాసు నీళ్లు. తలా ఒక చెంచా. పండగ చేసుకోని ఇళ్ల పిల్లలూ ఉంటారు, బడిలో దీన్ని ఆరు రుచుల పాఠంగానే ఉంచితే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

కాలువగట్టు_టీచర్
మార్చి 2, ఉదయం 6:15

ఎండ మాట ఎవరైనా చెప్పండి. బయటికి ఎప్పటి దాకా తిప్పొచ్చు?

సఖినేటిపల్లి_రేవు
మార్చి 2, ఉదయం 7:20

మార్చిలో 9 దాకా, ఏప్రిల్‌లో బడి మొదలైన మొదటి అరగంట, అంతే. అరగంటకోసారి అందరికీ నీళ్లు, దాహం వేస్తోందని చెప్పేదాకా ఆగొద్దు. ఆటలో పడి చెప్పరు.

ఆ అరగంటలోనే నీడ పాఠం మొదలెట్టొచ్చు. గచ్చు మీద ఒక పిల్లని నిలబెట్టి పాదాల చుట్టూ, నీడ చుట్టూ సుద్దతో గీయించండి. 8 గంటలకి ఒకటి, 10కి ఒకటి, ఇంటికెళ్లే ముందు 12కి ఒకటి, ప్రతిసారీ అదే పిల్ల, అవే పాదాల గుర్తులు; 10కీ 12కీ గీసినంతసేపే బయటికి. పాదాలు గీయకపోతే రెండోసారి వేరేచోట నిలబడతారు. పొద్దుటి నీడ బారెడు, 12కి కాళ్ల దగ్గర. దేశపు గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ మన కాకినాడ దగ్గర్నుంచే వెళ్తుంది కాబట్టి మనకి గడియారంలో 12కీ, పొద్దు నడినెత్తికి రావడానికీ కొద్ది నిమిషాలే తేడా. మార్చిలో ఒకసారి, ఏప్రిల్ మూడో వారంలో ఒకసారి 12కి గీయిస్తే రెండోది ఇంకా పొట్టిగా ఉంటుంది. మొదటి గీత వాన వచ్చినా పోకుండా రంగుతో వేసి ఉంచండి.

తాటాకు_బుట్ట
మార్చి 2, మధ్యాహ్నం 12:58

ఏప్రిల్‌లో ముంజలు వస్తాయి కదా, వాటితో అంకెలు చేయిద్దామని. కాయకి మూడు కళ్లు, మూడు మూళ్లు తొమ్మిది అని. సరిపోతుందా?

లంకగ్రామం_అంగన్వాడీ
మార్చి 2, మధ్యాహ్నం 1:30

సరిపోతుంది గాని, కాయ కోసేముందు అడగండి "ఎన్నుంటాయి" అని. ఎక్కువ కాయలకి మూడే, కొన్నిటికి రెండే, ఒకటున్నవీ వస్తాయి. అందుకని ఎక్కం కోసం కాకుండా లెక్క రాయడానికి వాడండి. పది కాయలు కోయించి, మూడు కళ్లవి ఒక వరస, రెండువి ఒక వరస, ఒకటిది ఒక వరస, ఖాళీ బుర్రలు నేల మీద పేర్పించండి. ఏ వరస పొడుగో కనిపిస్తుంది. కోయడం పెద్దవాళ్లే, పిల్లలు కత్తికి రెండు గజాల దూరంలో. ముదిరిన ముంజ పెట్టకండి, కడుపునొప్పి చేస్తుంది. వేలితో నొక్కితే లోపల నీళ్లు కదిలేవే తినిపించండి, పై పొర ఒలిచి.

బుర్రలు పారేయకండి. ఎండాక రెండేసి పుల్లకి గుచ్చితే బండి చక్రాలు.